స్టాన్‌మోర్‌లో గుర్రం పరీక్ష

రాజారావుగారికి ఒకటే పిచ్చి. గడపలోకి ఎవరొచ్చినా, తెల్లదొరల కాలంలో పోలీసు అధికారిగా పనికొచ్చేవారా కాదా అని ఇంటర్వ్యూ చేస్తారు. వేణ్ణీళ్ల బాయిలర్ బాగుచేయడానికి వచ్చినతన్ని కూడా గుర్రం ఎక్కగలవా అని అడిగారు. వ్యాన్‌లో వచ్చానన్నాడు పాపం.

ఇండియా పోలీసులో పెద్ద ఉద్యోగాలకు కుర్రదొరల్ని లండన్‌లోనే ఎంపిక చేసేవారట. పరీక్ష నెగ్గాలి, గుర్రపుస్వారీ రావాలి, పెళ్లి కాకూడదు. గుంటూరు చేరాక తెలుగు పరీక్ష కూడా పాసవ్వాలి. ఆ తెలుగు నేర్పింది రాజారావుగారి తాత. ఎందరో దొరల్ని గట్టెక్కించి, తను మాత్రం హెడ్ కానిస్టేబుల్‌గానే రిటైరయ్యారు. ఆయన్ని ఏ ఇంటర్వ్యూ బోర్డూ పిలవలేదు మరి. ఆ బోర్డును ఇప్పుడు మనవడు లండన్ శివారు స్టాన్‌మోర్‌లో, తన ముందుగదిలో నడుపుతున్నారు.

పై గదిలో అద్దెకుండే నీలిమకు ప్రతి ఆదివారం ఈ బోర్డు తప్పేది కాదు. ఎమ్మెస్సీ అయిపోయింది, వీసా గడువు ముంచుకొస్తోంది, ఉద్యోగం లేదు. వెళ్లిన చోటల్లా ముగ్గురు ఎదురుగా కూర్చునేసరికి నోరు పెగిలేది కాదు. ఆ దిగుల్లో ఆమె ఉంటే, ఈయనేమో భార్య గిరిజనూ పక్కింటి కమలాదేవినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని, కలరా వచ్చిందని తిరునాళ్లు ఆపితే జనం తిరగబడ్డారు, ఏం చేస్తావని నిలదీసేవారు. కమలాదేవి పెళ్లెప్పుడని అడిగేది. కాకపోవడమే నిబంధన అని ఆయన మెచ్చుకునేవారు. మొదట్లో నీలిమ లోలోపల తిట్టుకుంది. తర్వాత వాదనకు దిగింది. పోను పోను గుర్రం దిగకుండానే గుంపుకు సర్దిచెప్పి పంపేసేది.

హాస్పిటల్ ఉద్యోగం ఆఖరి ఆశ. అక్కడా ముగ్గురే. కోపంగా ఉన్న పేషెంటు బంధువులకు ఎలా నచ్చజెబుతావని మధ్యలో కూర్చున్నావిడ అడిగింది. నీలిమకు తిరునాళ్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆమెను ఆపడం వాళ్లకే కష్టమైంది.

ఉద్యోగం వచ్చిందని చెప్పగానే గిరిజ అసలు సంగతి బయటపెట్టింది. "ఇదివరకు ఆయనొక్కరే అడిగేవారమ్మా. ముగ్గుర్ని చూస్తే నువ్వు బిగుసుకుపోతున్నావని తెలిశాక, మా సీరియల్ మానిపించి మరీ కూర్చోబెట్టారు."

నీలిమకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వెళ్లి ఎదురుగా నిలబడింది. రాజారావుగారు పేపరు దించలేదు.

"గుర్రం సంగతి అడిగారా?"

"లేదంకుల్."

"ఈ దేశంలో స్టాండర్డ్స్ పడిపోయాయి." పేజీ తిప్పుతూ, వచ్చే ఆదివారం వంశీ అని ఒక స్టూడెంటు వస్తున్నాడనీ, వాడికీ నలుగురిలో నోరు లేవదనీ చెప్పారు. "కమలాదేవిగారిని సీరియల్ చూసుకోనిద్దాం. ఆవిడ కుర్చీలో నువ్వు కూర్చో."

"నేనేం అడగాలంకుల్?"

"నీ ఇష్టం. గుర్రం మాత్రం నేనడుగుతాను."