చాయ్ తాగని అభ్యర్థి

2022. దుబాయ్ అల్ కుసైస్‌లో ఒక నిర్మాణ కంపెనీ లేబర్ క్యాంపుకు నేను వెల్ఫేర్ ఆఫీసర్ని. అంతకుముందు చాలా ఏళ్లు దినపత్రికలో ఎన్నికల వార్తలు రాశాను. ఆ వేసవిలో క్యాంపులో వెల్ఫేర్ కమిటీ ఎన్నిక మళ్లీ వచ్చింది. ముదీర్‌తో, అంటే మేనేజర్‌తో, తమ తరఫున మాట్లాడే మనిషిని కార్మికులే ఎన్నుకుంటారు.

పోటీలో నిలబడ్డ సామ్యేలు రాజమండ్రి ఎలక్ట్రీషియన్. మార్మన్. క్రైస్తవులమనే చెప్పుకునే ఆ శాఖవారు మద్యమే కాదు, టీ కాఫీలు కూడా ముట్టరు. ఓటడగడానికి వచ్చినవాడికి గదిగదిలో చాయ్ పోయడం క్యాంపు మర్యాద. అతను ప్రతి గదిలో వేణ్నీళ్లు అడిగేవాడు.

"మన చాయే తాగనోడు మన బాధేం జెప్తడు?" అన్నాడు జగిత్యాల వైపు మేస్త్రీ లింగన్న. అందరూ నవ్వారు.

మెస్ హాల్లో సభ జరిగినప్పుడు అదే గొడవ. చాయ్ కూడా వద్దనే నీ మతం రేపు మాకేం చేస్తుందని అడిగారు. అభ్యర్థి మతంతో ఓటరుకు పనిలేదని పత్రికలో రాసిన మాటే చెప్పి సర్దబోయాను. సామ్యేలే అడ్డుకున్నాడు.

"అడగనివ్వండి సార్. నా మతం అబద్ధమాడొద్దంటుంది. గదుల్లో మందు తాగుతున్నారా అని ముదీర్ అడిగితే లేదని చెప్పనండి నేను. తెలిసే ఓటెయ్యండి."

హాలంతా బిగుసుకుపోయింది. మందుతో పట్టుబడితే క్యాన్సిల్. వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారు. లింగన్నకు అప్పటికే ఒక వార్నింగ్ ఉంది. సామ్యేలు పని అయిపోయిందనుకున్నాను. గెలిచాడు. నమ్మలేక ఓట్లు మళ్లీ లెక్కపెట్టించాను.

కొన్నాళ్లకు లింగన్న గదిలో సీసా దొరికింది. ఎవరూ నాది అనలేదు. ముదీర్ నా ఎదుటే సామ్యేలును పిలిచి అడిగాడు. తెలియదంటాడనే అనుకున్నాను.

"లింగన్నది సార్. తాగుతుంటే చూశాను, వద్దన్నాను. ఒక్కసారికి వదిలెయ్యండి."

"ఖలాస్," అన్నాడు ముదీర్. ఇక అయిపోయినట్టే, లింగన్న వీసా రద్దు.

లింగన్న వెళ్లే రోజు అతని పెట్టె సామ్యేలే మోసి వ్యాన్‌లో పెట్టాడు. ఎవరైనా కొడతారేమోనని పక్కనే నిలబడ్డాను.

"కోపం లేదా లింగన్నా?" అని అడిగాను.

"ఎందుకుండదు సార్, మస్తున్నది. కానీ పోయినసారి గెల్శినోడు మాతోనే తాగి, ముదీర్ తాన మా పేర్లే జెప్పిండు. వీడు ముందుగాల్నే జెప్పిండు. నేను గూడ వీనికే ఏసిన."

అభ్యర్థి ఏ దేవుడికి మొక్కుతాడన్నది ఓటరుకు అనవసరమని ఇప్పటికీ అంటాను. ఆ మొక్కు రేపు నా మీద ఏం చేయిస్తుందన్నది మాత్రం అవసరమే. నేను అడగనివ్వకూడదనుకున్న ఆ ప్రశ్నకు సామ్యేలు చెప్పిన జవాబు విని మరీ లింగన్న ఓటేశాడు.