జాబితా ఇవ్వని అబూ తమీమ్

మంత్రివర్గం మారిన ప్రతిసారీ, ప్రమాణ స్వీకారం రోజు అబూ తమీమ్ ఆఫీసులో కనపడడు. కొత్త మంత్రుల్లో ఎవరింట్లోనో విందు తింటుంటాడని, అందుకే పేర్లు ముందుగా బయటపెట్టడని జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లోని ఆ పత్రికలో అందరూ చెప్పుకునేవారు.

అచ్చుతప్పులు దిద్దేవాడిగా చేరాడతను. పార్లమెంటు గ్యాలరీలో పందొమ్మిదేళ్లు కూర్చుని, జాతీయ రాజకీయాల పేజీకి పెద్దయ్యాడు. మోకాళ్లు అరిగాయి. మూడు గంటల ఉపన్యాసంలో పనికొచ్చే వాక్యం ఎక్కడుందో కళ్లు మూసుకునే చెప్పగలడు.

ఆ బుధవారం ఎడిటర్ నిదాల్ బల్ల మీద చరిచాడు. "ఏమయ్యా అబూ తమీమ్, కొత్త మంత్రుల జాబితా ఏది? అవతలి పత్రికలవాళ్లు ఇరవై పేర్లు వేసేశారు!"

"నా దగ్గర లేదు."

"నీ దగ్గర లేకపోతే ఇంకెవరి దగ్గరుంటుంది? ఇవ్వకపోతే రేపట్నించి చావు ప్రకటనలు చూసుకో."

"మంచిదే. అక్కడ వేశాక పేరు మారదు."

పదకొండేళ్ల కిందట అతనూ జాబితా వేశాడు. అందులో వ్యవసాయ మంత్రిగా సల్త్ ఊరి డాక్టర్ ముఫ్లిహ్ పేరు రాశాడు. ఆయన కాలేజీలో మట్టి గురించి పాఠాలు చెప్పుకునే మనిషి. పేపరు చూసి మధ్యాహ్నానికల్లా బంధువర్గమంతా దిగింది. గుడారం వేశారు, ఆరు గొర్రెల్ని కోసి మన్సఫ్ వండారు. డాక్టర్ కొత్త సూటు తొడుక్కుని ఫోను పక్కన కూర్చున్నాడు. ఫోను మోగలేదు. సాయంత్రం టీవీలో ఇంకెవరో ప్రమాణం చేశారు. జనం చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. ఆయన్ని ఊళ్లో ఇప్పటికీ "మంత్రిగారూ" అనే పిలుస్తారు, నవ్వాపుకుంటూ.

అబూ తమీమ్ గ్యాలరీ పాసు తీసి నిదాల్ ముందు పెట్టాడు. పెద్దగా బాధ కూడా అనిపించలేదు. మర్నాడు, ప్రమాణ స్వీకారం రోజున, సల్త్ బస్సెక్కాడు.

తలుపు తీసిన డాక్టర్ ముఫ్లిహ్ అడిగాడు. "ఈసారి నా పేరు వెయ్యలేదు కదా?"

"ఎవరి పేరూ వెయ్యలేదు. నన్ను పేజీ నుంచి పీకేశారు."

"అయితే ఇద్దరం ఖాళీయే. రా, కాఫీ మరుగుతోంది."

ఈ పదకొండేళ్లలో, ఇవాళ్టిది కలిపి, మంత్రివర్గం ఏడుసార్లు మారింది. ఏడు ప్రమాణ స్వీకారాలూ అబూ తమీమ్ ఆ ఇంట్లోనే, ఆయన పక్కన కూర్చుని, టీవీలో చూశాడు.