నేను చూసింది గొంగడి ఒక్కటే

నా చిన్నప్పుడు మా సాతంరాయిలో నా నోటికి పెద్ద పేరుండేది. ఎనిమిదేళ్ల పిల్లకు అంత నోరేమిటని మా అమ్మ తిట్టేది, మా నాన్న మాత్రం లోలోపల మురిసిపోయేవాడు. ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరి మేక ఎవరి చేలో పడిందో ఊరందరికన్నా ముందు నాకే తెలిసేది, తెలిసిన మరుక్షణం ఊరికీ తెలిసేది. అప్పటికి మాది చిన్న ఊరు. ఇప్పుడు విమానాలు దిగుతున్న వైపంతా జొన్నచేలు, రాతిగుట్టలు. ఆ నోరే ఒకరోజు ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ రోజు పొద్దున మా చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు, బావి దగ్గర తల పగిలి పడి ఉన్నాడు. అప్పటికే ప్రాణం పోయింది. ఎద్దులు కట్టుగొయ్యల దగ్గరే ఉండటంతో దొంగల సంగతి ఎవరికీ తట్టలేదు. ఎవరైనా అటు పోవడం చూశారా అని పెద్దలు అడుగుతుంటే నేను ముందుకొచ్చి, "గొర్ల మామను చూసిన" అన్నాను. గొర్ల మామ అంటే మా ఊళ్లో గొర్రెలు కాసుకునే మనిషి. మాకు రక్తసంబంధం లేదు గానీ వరసకు మామ. నాలుగు రోజుల కిందటే ఆయన గొర్రెలు మా చేలో పడితే చిన్నాయన నానా మాటలన్నాడు. దాంతో నా మాట అందరికీ అతికినట్టు సరిపోయింది.

నిజానికి నేను చూసింది మంచులో నెత్తిన గొంగడి కప్పుకుని పోతున్న ఒక మనిషి వీపు. ఆ రోజుల్లో మా ఊళ్లో గొంగడి లేని ఇల్లు లేదు. కానీ అంతమంది పెద్దవాళ్లు ఒక్కసారిగా నా వైపు తిరిగి, నా మాట కోసం ఊపిరి బిగబట్టారు. చిన్నాయన పోయాడన్న ఏడుపు నిజమే. దాని పక్కనే కాస్త గర్వం కూడా ఉంది. ఆ గర్వం సంగతి ఒప్పుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది.

పంచనామా అయి, దహనం ముగించి మగవాళ్లు తిరిగొచ్చేసరికి పొద్దు బాగా వాలింది. తడి బట్టలతోనే కర్రలు అందుకున్నారు. అందరికన్నా ముందు మా నాన్నే ఉన్నాడు. గొర్ల మామ మందతో గగన్‌పహాడ్ గుట్టల వైపు పోయాడని ఎవరో చెప్పారు. అప్పుడు మా నాయనమ్మ వాకిట్లోకి వచ్చింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి మాటకు ఆ రోజు ఎదురు చెప్పేవాళ్లు లేరు.

"పోండ్రి, నేను ఆపుత లేను. గని నా కొడుకును కాలబెట్టి వచ్చిన్రు, ఉత్త కడుపుతోని ఊరు దాటొద్దు. పక్కింట్ల పిండి ఒడిసింది. జొన్నలు నేనిస్త, విసురుండ్రి" అంది.

చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. పక్కింటివాళ్లు వండి పెట్టాలి. అది మా వైపు రివాజు. పక్కింటి అక్క రొట్టెలు చేయడానికి సిద్ధంగానే ఉంది, పిండి కూడా ఉందని ఆమె నాకు తర్వాత చెప్పింది. నాయనమ్మ కళ్లతోనే ఆమె నోరు మూయించిందట. మగవాళ్లు విసుర్రాయి ముట్టడం అంతకుముందు మా ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. అయినా కర్రలు గోడకు చేరేసి, పక్కింటి వాకిట్లో ఇద్దరిద్దరు చొప్పున కూర్చుని పిడి పట్టుకున్నారు. వాళ్లకు చేతకాక గింజలు సగం బయటికే చిందాయి. ఇంకో రోజైతే ఊరు ఊరంతా పడీ పడీ నవ్వేది.

ఆ సందట్లో నాయనమ్మ పక్కింటి అక్క మొగుణ్ణి గొర్ల మామ కోసం పంపింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. చిన్నాయన పోయాడన్న కబురు విని గొర్ల మామ మందను ఎక్కడిదక్కడ వదిలేసి, ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. ఆయన్ని చూడగానే మగవాళ్లంతా లేవబోయారు.

"నేను పిలిస్తె వచ్చిండు. ఎవ్వలు లేవొద్దు" అంది నాయనమ్మ. మా నాన్నకు ఎదురుగా ఉన్నతన్ని లేపి, గొర్ల మామను అక్కడ కూర్చోమంది. ఒకే పిడి మీద మా నాన్న చేయి, ఆయన చేయి. తర్వాత నన్ను పిలిచి వాళ్లిద్దరి మధ్య కూర్చోబెట్టి, జొన్నల చాట నా ముందు పెట్టి, రాయి నోట్లో గింజలు పోయమంది.

అంత దగ్గరగా ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. భుజం మీది గొంగడి అంచున తెల్లచారలున్నాయి. పొద్దున నేను చూసిన గొంగడికి చారలున్నాయో లేవో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. మొహం చూడలేదు, నడక పోల్చుకోలేదు, గొంతు వినలేదు. రాయి తిరుగుతూనే ఉంది. నా గుప్పిట్లో జొన్నలు అలాగే ఉండిపోయాయి, వేళ్లు విప్పలేకపోయాను.

"నాయినా, నేను మొఖం సూడలే. గొంగడే సూసిన" అన్నాను.

రాయి ఆగిపోయింది. గొర్ల మామకు ముందు అర్థం కాలేదు. గోడకు ఆనించిన కర్రల వైపు చూశాడు, మా నాన్న మొహంలోకి చూశాడు, అప్పుడు అర్థమైంది. లేచి పోతాడనుకున్నాను. తల దించుకున్నాడే తప్ప పిడి వదల్లేదు. మా నాన్న కూడా వదల్లేదు. నాయనమ్మ, "గింజలు పొయ్యి బిడ్డా, ఇంతసేపు ఉత్త రాయే తిప్పిన్రు" అంది. పోశాను. ఇద్దరూ మళ్లీ విసరడం మొదలుపెట్టారు. ఆ పిండితో చేసిన రొట్టెలు అందరూ తిన్నారు, ఆయన కూడా తిన్నాడు. కర్రలు గోడ దగ్గరే ఉండిపోయాయి.

నేను దెబ్బలకు సిద్ధపడ్డాను. నాయనమ్మ నన్ను కొట్టలేదు. "నువ్వన్న మాట ఆయన ముంగట కూసోని అనగల్గుతవో లేదో సూద్దామని కూసోబెట్టిన" అని మాత్రం అంది. అసలు హంతకులు నెల తర్వాత దొరికారు. ఎక్కడివాళ్లో ఎద్దుల దొంగలు, చిన్నాయన అడ్డుపడితే కొట్టి పారిపోయారు. మా నాయనమ్మకు కోపం లేదనుకునేరు! వాళ్లను బేడీలతో మా ఊరి మీదుగా తీసుకుపోతుంటే ఎదురెళ్లి మొహాన ఉమ్మింది.

ఇంత నేర్చుకున్నదాన్ని, అరవై దాటాక మళ్లీ అదే తప్పు చేశాను. రెండువేల పదమూడులో, దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు. మా చెల్లెలి మనవరాలు అక్కడే కోచింగ్‌కు పోయేది. ఇనుప ముక్కలు కాలిలోకి దిగబడి దవాఖానలో పడి ఉంది. దాని పక్కన నిలబడి మాట్లాడుతున్న స్నేహితురాలు ఇక ఇంటికి రాలేదు. సాయంత్రం పూట బస్సు కోసం నిలబడ్డ పిల్లలు ఆ బాంబులు పెట్టినవాళ్లకేం అన్యాయం చేశారు? ఆ రాత్రి నేను ఏడ్చింది తక్కువ, తిట్టింది ఎక్కువ.

మా శంషాబాద్ ఇంట్లో ఒక గది కిరాయికిచ్చాం. పాతబస్తీ నుంచి వచ్చిన ముస్లిం అబ్బాయి, విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని. నెమ్మదైనవాడు. ఆ రాత్రి అతను ఇంటికి రాలేదు. పొద్దున్నే పాల దుకాణం దగ్గర, ఆ కోపంలోనే, "మా కిరాయి పిలగాడు రాత్రంత రాలే, ఫోన్ గిట్ల బందున్నది" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. ఆ ఒక్క ముక్కే చాలింది. గంట తిరక్కుండా మా గేటు ముందు పదిమంది కుర్రాళ్లు చేరారు. అందులో వీధి చివరి ఇంటివాడు ఫోన్‌లో ఏదో ఫోటో అందరికీ చూపిస్తూ, "పెద్దమ్మా, తాళం పగలగొడ్తం, ఓ మాట చెప్పు" అన్నాడు. మళ్లీ అందరూ నా వైపు తిరిగారు. మళ్లీ నా మాట కోసం ఆగారు. ఆ చూపులు నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే ఆ అబ్బాయి ఆటో దిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గుంపును చూసి గేటు బయటే ఆగిపోయాడు. నేను చేయి పట్టి లోపలికి తెచ్చి, మా నాయనమ్మ విసుర్రాయి పెరట్లో ఉంటే దాని పక్కనున్న అరుగు మీద కూర్చోబెట్టాను. నేను ఎదురుగా కూర్చున్నాను. కుర్రాళ్లను కూడా రమ్మన్నాను.

"రాత్రి నువ్వు ఇంటికి రాలేదని వీళ్లకు చెప్పింది నేనే. ఎక్కడున్నవ్ బిడ్డా?" అన్నాను.

"అమ్మా, అలర్ట్ అన్నరు. డ్యూటీ నుంచి ఎవ్వల్ని ఇడువలె. ఫోన్లు గూడ బయటనే పెట్టించిన్రు" అంటూ మెడలోని కార్డు తీసి అందరికీ చూపించబోయాడు.

"ఆ కార్డు లోపల పెట్టు. అడిగింది నేను, జవాబు చెప్పినవ్, అయిపోయింది" అన్నాను. తర్వాత కుర్రాళ్ల వైపు తిరిగి, "నేను సూసింది తాళం ఒక్కటే. మీరు అదన్న సూడలే" అన్నాను. ఫోన్ పట్టుకున్నవాడు దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

అంతటితో వదిలేస్తే నేను మా నాయనమ్మ మనవరాల్ని కాను. మనవరాలికి రక్తం కావాలని దవాఖానలో అడుగుతున్నారు. అదే ఆటోలో ఆ అబ్బాయిని ఒకవైపు, వీధి చివరి ఇంటివాణ్ణి ఇంకోవైపు కూర్చోబెట్టుకుని పోయాను. దవాఖానలో పక్కపక్క మంచాల మీద ఇద్దరూ చేతులు చాపుకుని పడుకున్నారు. సూది దిగుతుంటే వీధి చివరి ఇంటివాడే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఏం తిన్నావని ఆ అబ్బాయిని అడిగాడు. ఆ అబ్బాయి రాత్రి నుంచీ ఏమీ తినలేదన్నాడు. ఇంటికొచ్చాక ఇద్దరికీ నేనే రొట్టెలు చేసి పెట్టాను.

బాంబులు పెట్టినవాళ్ల మీద నా కోపం వీసమెత్తు తగ్గలేదు. వాళ్లను బేడీలతో నా ముందు నుంచి తీసుకుపోతే నేనూ మా నాయనమ్మ చేసిందే చేస్తాను. అందులో నాకే సందేహమూ లేదు. కానీ నా కోపం వాళ్లది. వాళ్ల కోసం దాచిపెట్టుకున్నదాన్ని దారినపోయేవాడి మీద వృథా చేయను. మనవరాలు ఇప్పుడు కుంటుతూ నడుస్తోంది. దాన్ని చూసినప్పుడల్లా ఎవరో ఒకరి పేరు అనెయ్యాలని నాలుక దాకా వస్తుంది. అప్పుడు నా కుడిచేతి వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. గుప్పిట్లో జొన్నలు గరగరలాడతాయి. ఎదురుగా ఆ మనిషిని కూర్చోబెట్టుకుని అనగలనా అని చూసుకుంటాను. అనలేనని తెలిస్తే, ఆ గుప్పిట విప్పను.