పై పన్ను పీకితే కళ్లు పోతాయట!

నాకు పదో తరగతిలోనే కళ్లద్దాలొచ్చాయి. పై దవడ పళ్లు రెండు పీకించుకున్నది నలభై దాటాక. మధ్యలో పాతికేళ్లు నేను అద్దాలతోనూ, నోటి నిండా పళ్లతోనూ మెదక్ బజార్లో అందరి ముందే తిరిగాను. అయినా సరే, మా గల్లీలో ఎవరికి పంటినొప్పి వచ్చినా నన్నే వేలెత్తి చూపిస్తారు. "పై పండ్లు పీకిచ్చుకుంటే ఏమైతదో ఆ టీచరమ్మను చూడుండ్రి. సోడాబుడ్డి అద్దాలొచ్చినయ్!" నన్ను అడగకుండానే నా మొహాన్ని హెచ్చరిక బోర్డు చేసి నిలబెట్టారు. ఒళ్లు మండిపోదూ?

ఈ మాటకు మూలం మా ఎదురింటి పెద్దమ్మ. మాకు చుట్టం కాదు, గల్లీ మొత్తానికీ పెద్దమ్మ. పొద్దున చాయ్ తాగింది మొదలు గడప ముందు కూర్చుని, చాటలో బియ్యం ఏరుతూ, వచ్చేపోయే వాళ్లందరికీ తీర్పులు చెబుతుంది. "పై పండ్లకు, కండ్లకు ఒక్కటే నరం. పన్ను గుంజితే నరం తెగుతది, చూపు పోతది." ఆమె తీర్పులన్నింటిలోకీ ఇది పెద్దది. దీనికి అప్పీలు లేదు.

దాన్ని బైబిలు వాక్యంలా నమ్మినవాడు మా తమ్ముడు. వాడు దర్జీ. మా ఇంటి ముందుగదే వాడి దుకాణం. క్రిస్మస్ వస్తోందంటే చర్చిలో పాటలు పాడేవాళ్ల తెల్ల గౌన్ల నుంచి చంటిపిల్లల ఫ్రాకుల దాకా అన్నీ వాడి మిషన్ మీదే. పక్క మండలం కుల్చారం నుంచి కూడా బట్టలు తెచ్చిస్తారు. తెల్లబట్ట మీద కనబడని కుట్టు వేయాలంటే చేతులకన్నా ముందు కళ్లు కావాలి. అలాంటివాడికి చూపు పోతుందంటే భయం ఉంటుంది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. పన్నును పీకించుకునే దాకా తెచ్చుకున్నందుకే నా కోపం.

వాడు పళ్లు తోముకునే వైభోగం చూసి తీరాలి. పొద్దున్నే బ్రష్ మీద వేలెడు పేస్టు వేసి బుగ్గలో దోపుకుంటాడు. అలాగే గల్లీలోకి వస్తాడు. పాలాయనతో ఒక మాట, పక్కింటాయనతో ఎలక్షన్ల ముచ్చట, ఫోన్లో ఒక వీడియో, మళ్లీ ముచ్చట. బ్రష్ అరగంట నోట్లో ఉంటుంది, కదిలేది అరనిమిషం. "అరగంట తోముకుంట నేను" అని పైగా గొప్ప! మా గల్లీ మగవాళ్లందరిదీ ఇదే తంతు. బ్రష్ కుచ్చు రెండు పక్కలకీ విరిగి పడిపోయినా మార్చరు. ఫోన్ అద్దాన్ని రోజుకు పదిసార్లు తుడుచుకుంటారు, మొహానికి క్రీములు రాసుకుంటారు, తలకు రంగు వేసుకుంటారు. మూడుపూటలా అన్నం నమిలే పళ్లకు మాత్రం తీరిక లేదు.

ఇక రాత్రి తోముకోవడం అన్న మాటే వాడికి తెలియదు. సాయంత్రం నుంచి చక్కెర దండిగా వేసిన చాయ్, అందులో ముంచిన బిస్కెట్లు, ఆ తీపి నోట్లో ఉండగానే నిద్ర. దీనికి తోడు దర్జీ అలవాటు ఒకటి. కత్తెర చేతి పక్కనే ఉన్నా, దారాన్ని పంటితో పుటుక్కున కొరుకుతాడు. ఎడమవైపు పై కోరపన్ను మీద దారం ఒరిసీ ఒరిసీ గాడి పడింది. గాడి నల్లబడింది. నల్లబడిన చోట గుంట పడింది.

నేను అంగన్‌వాడీ టీచర్ని. పైకీ కిందకీ, లోపలా బయటా బ్రష్ ఎలా తిప్పాలో మూడేళ్ల పిల్లలకు నేర్పుతాను. వాళ్లు నేర్చుకుంటారు. నలభై ఐదేళ్ల మా తమ్ముడు నేర్చుకోడు. "రాత్రి గూడ తోముకోరా" అంటే, "నేనేమన్న పెండ్లికొడుకునా అక్కా, రాత్రిపూట మెరువనీకి?" అని నవ్వేవాడు. వాడి పెళ్లాం, అంటే మా మరదలు, వాడితో కలిసి నవ్వేది. నవ్వండి, నవ్వండి అనుకునేదాన్ని.

దసరా దాటాక నొప్పి మొదలైంది. లవంగం దోపుకున్నాడు. మెడికల్ షాపులో గోళీలు తెచ్చుకుని మింగాడు. చివరికి నేనే రెక్క పట్టుకుని పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపిక మాత్రం పెద్దది. పన్ను మీద మెల్లగా తట్టి చూసి చెప్పింది.

"అంకుల్, వేరు దాక పుచ్చింది. ముందే వస్తే సిమెంట్ పెడితే అయిపోతుండె. ఇప్పుడు తీసేయాలె."

"పైదా?" అన్నాడు తమ్ముడు.

"పైదే."

అంతే. నోట్లో దూది అలా ఉండగానే కుర్చీ దిగి చెప్పులేసుకున్నాడు. మెట్ల మీద వాడి చొక్కా దొరకబుచ్చుకున్నాను.

"ఏం పుట్టిందిరా నీకు?"

"నీకు అద్దాలొచ్చినయ్ గదక్కా. నాకు గూడ చూపు పోతే సూదిల దారం ఎవలెక్కిస్తరు?"

"నాకు పదో తరగతిలనే వచ్చినయ్ రా! నాలుగు కండ్లదానా అని నన్ను ఏడిపిచ్చింది నువ్వే గాదా?"

"ఏమో అక్కా. క్రిస్మస్ అయినంక చూద్దాం తియ్."

తన నోటితో తాను ఏడిపించిన మాట మరిచిపోయాడు. పెద్దమ్మ మాట మాత్రం మరిచిపోలేదు. నెత్తి బాదుకుంటూ ఇంటికొచ్చాను.

డిసెంబర్‌లో ఒక పొద్దున దుకాణం తెరుచుకోలేదు. లోపలికి వెళ్లి చూస్తే వాడు పడుకునే ఉన్నాడు. ఎడమ బుగ్గ బూరెలా ఉబ్బింది. వాపు పైకి పాకి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెప్పలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఒళ్లు కాలిపోతోంది. చుట్టూ సగం కుట్టిన తెల్ల గౌన్లు, పక్కన ఏడుస్తూ మరదలు. పెద్దమ్మ అప్పటికే గడప దగ్గర హాజరు.

"దిష్టి తగిలింది బిడ్డా. ఎండు మిరపకాయలు దిప్పి పొయ్యిల ఎయ్యిండ్రి. పన్ను మాత్రం ముట్టకుండ్రి, కన్ను పోతది."

కన్ను ఎదురుగా పోయేలా ఉంటే ఈ మాటా! "పెద్దమ్మా, నువ్వు జర నోరు మూసుకో" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్లను అంత మాట అనలేదు. అన్నందుకు ఈరోజుకీ నాకు బాధ లేదు. ఆటో పిలిచి మరదలూ నేనూ వాణ్ణి దవాఖానకు తీసుకుపోయాం.

అక్కడి పెద్ద డాక్టరు టార్చి వేసి నోరు చూశాడు, కన్ను చూశాడు, తర్వాత మమ్మల్ని చూశాడు. "ఈ పన్ను ఇన్ని దినాలు ఎందుకు ఉంచుకున్నరు?" అన్నాడు. "పంటి కింద పట్టిన చీము పైకెక్కి కంటి దాక వచ్చింది. ఇంక లేటు చేస్తే చూపుకే ముప్పు."

తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అక్కా, కన్ను ఉంటదా?" అని అడిగాడు. "ప్రార్థన చేసుకోరా" అన్నాను. వాడిని లోపలికి తీసుకుపోయాక గోడకానుకుని నేనూ అదే చేశాను.

చీము తీశారు. పన్ను పీకారు. సెలైన్లతో మందు ఎక్కించారు. నాలుగో రోజుకు వాపు దిగి రెప్ప సన్నగా విచ్చుకుంది. డాక్టరు వాడి కుడికన్ను చేత్తో మూసి, "ఎదురుంగ ఎవరున్నరు?" అన్నాడు. తమ్ముడు కాసేపు చూశాడు. "మా అక్క. అద్దాలు వంకరగ పెట్టుకున్నది" అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. చూపు పోతుందని దాచుకున్న పన్నే చూపు తీసుకుపోబోయింది కదా, వెర్రివాడా!

అప్పటినుంచి వాడు దారం కత్తెరతో కత్తిరిస్తున్నాడు. రాత్రిపూట నల్లా దగ్గర నిలబడి, ముచ్చట్లు లేకుండా, తిన్నగా పళ్లు తోముకుని పడుకుంటున్నాడు. ఒక పన్నూ, ఇంచుమించు ఒక కన్నూ ఇచ్చి నేర్చుకున్న చదువు. నా దగ్గర మూడేళ్ల పిల్లలు పాట పాడుకుంటూ ఊరికే నేర్చుకున్నారు.

మొన్న ఎండాకాలంలో వాడికి దగ్గరి చూపు కాస్త మసకబారింది. ఆ వయసులో వచ్చేదే. కళ్ల డాక్టరు రెండు కళ్లకూ ఒకే నంబరు అద్దాలిచ్చాడు. అవి పెట్టుకుని మిషన్ ముందు కూర్చున్నాడో లేదో, గల్లీ అవతలి నుంచి పెద్దమ్మ గొంతు లేచింది.

"అగో! నేను చెప్పలే? పన్ను గుంజిచ్చుకున్నడు, అద్దాలొచ్చినయ్!"

ఆమె వెనక ఆమె కోడలు బుగ్గ మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. వారం రోజులుగా ఆ పిల్లది అదే వాలకం. నేను సర్రున లేచాను. తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు. పెద్దవాళ్లకు ఎన్నడూ ఎదురు చెప్పనివాడు, అద్దాల పైనుంచి చూస్తూ అడిగాడు.

"పెద్దమ్మా, నీ నోట్ల పై పండ్లు ఎన్ని ఉన్నయ్?"

"యాడివి బిడ్డా, ఒక్కటి లేదు. అన్ని పోయినయ్."

"మరి గంత దూరం నుంచి నా అద్దాలు నీకెట్ల కనబడ్డయ్? బియ్యంల రాళ్లెట్ల ఏరుతున్నవ్?"

చాటలో ఆమె చెయ్యి ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఆ బోసినోటితోనే ఆమె ఆ మాట చెబుతోంది. మేం విన్నాం, తలూపాం, భయపడ్డాం. ఒక్కరమూ ఆ నోట్లోకి చూడలేదు. పిల్లలకు పాఠాలు చెప్పే నేనూ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

పెద్దమ్మ ఊరుకుంటుందా? "నాయి వాటంతట అవే ఊడినయ్ రా. గుంజిచ్చుకోలే. గుంజితెనే నరం తెగుతది" అంటూ మళ్లీ చాట అందుకుంది. అటు పోతున్నవాళ్లిద్దరు ఆగి తలూపారు కూడా. ఊపారండీ, నా కళ్లారా చూశాను!

కోడలు మాత్రం తలూపలేదు. బుగ్గ మీద చెయ్యి తీయకుండానే గల్లీ దాటి మా గడప దగ్గరికొచ్చింది.

"అక్కా, ఆ పండ్ల డాక్టరమ్మ గిప్పుడు ఉంటదా?" అని మెల్లగా అడిగింది.

"పైదా, కిందిదా?" అన్నాను.

"పైదే."

తమ్ముడు మిషన్ ఆపాడు. "నడు అక్కా, నేను గూడ వస్త" అన్నాడు. అద్దాలు తీయలేదు. ముగ్గురం పెద్దమ్మ ముందు నుంచే నడిచి వెళ్లాం.