డిగ్రీ అడిగిన ఓటు

నేను ఇంటర్‌తో చదువు ఆపినదాన్ని. ఇంగ్లీషు నాకు అమెరికాలో, ఎడిసన్ ఊళ్లో మా ఇంటి దగ్గరి లైబ్రరీ నేర్పింది; ఆ మాట గర్వంగానే చెబుతాను. ఈ చలికాలం అక్కడి కంప్యూటర్‌లో ఐర్లండ్ ఎగువసభ చర్చలు చదివాను. ఏ పార్టీకీ చెందని ఒక సెనేటర్ అద్దె ఇళ్ల గురించి, వికలాంగ పిల్లల బడుల గురించి మంత్రులను నిలదీసే తీరు నాకు తెగ నచ్చింది. ఈమె మన మనిషే అనుకున్నాను.

ఆమెను ఎవరు ఎన్నుకున్నారో వెతికాను. ఆ సీటుకు డిగ్రీ ఉన్నవాళ్లే ఓటు వేయాలట!

"అంటే నేను అక్కడే పుట్టినా ఈమెకి ఓటు వేయలేనా?" అన్నాను పక్కనున్న మా అమ్మాయితో.

"అమ్మా, చిల్! నువ్వు ఐర్లండ్‌కి ఎప్పుడు మూవ్ అయ్యావ్?"

నాకు నవ్వు రాలేదు. ఈ కాలంలో కూడా ఓటుకు డిగ్రీ అడుగుతారా? ఇక ఈమె మాటలు చదవాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. చివరికి ఆ ఓటు గురించే జరిగిన చర్చ తెరిచాను. తనను గెలిపించిన పద్ధతే అన్యాయమని, అందరికీ ఓటు ఇవ్వాలని ఆమె సభలో నిలబడి అంటోంది. తన సీటుకే ఎసరు పెట్టే మాట!

నమ్మలేక పైకి చదివాను. మా అమ్మాయి "ష్, అమ్మా, లైబ్రరీ!" అంటున్నా ఆపలేదు.