పక్కకు తిరిగిన ఎల్లప్ప

బూదికోటలో నేత్రకు గిన్నెలు పట్టుకునే కోడలని పేరు. వీధిలో లారీ పోయినా, ఆకాశం ఉరిమినా, పక్కింట్లో మూట దబ్బుమని పడేసినా ఆమె చెయ్యి ముందు గిన్నెల స్టాండు మీదికి పోతుంది. ఏమైందో ఆ తర్వాత చూసుకుంటుంది. ఊరివాళ్లు నవ్వుతారు. నవ్వనీ, కోలారు బంగారు గనుల కేజీఎఫ్‌లో పుట్టి ఉంటే వాళ్లకూ తెలిసేది.

అక్కడ గనులు మూతపడి చాలా ఏళ్లయింది. నీళ్లు నిండిన సొరంగాల్లో ఎప్పుడో ఒకసారి రాయి పగులుతుంది, పైన ఇళ్లు ఒక్క అదురు అదురుతాయి. గని మనుషులు దాన్ని బ్లాస్టు అంటారు. నేత్ర తాత ఎల్లప్ప చిత్తూరు వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని గనికి వచ్చినవాడు. గని నడిచే రోజుల్లో అలాంటి బ్లాస్టులోనే కింద ఉండిపోయాడు. శవాన్ని తీయలేక ఆ సొరంగానికి గోడ కట్టేశారు. అప్పటినుంచి నేల అదిరినప్పుడల్లా నేత్ర తల్లి గంగులమ్మ గిన్నెలు పట్టుకుని, "ఏం లే పాపా, మీ తాత పక్కకు తిరిగినాడు" అనేది. నేత్ర మళ్లీ కళ్లు మూసుకుని నిద్రపోయేది. పక్క గదిలో ముసలాయన దగ్గితే ఎవరైనా భయపడతారా?

తండ్రి లేని పిల్ల. చదువు కాగానే మాలూరు ఫ్యాక్టరీలో చేరింది. రైలు ఆమె ఎక్కే మారికుప్పంలో ఖాళీగా బయలుదేరి బంగారపేటలో కిక్కిరిసిపోతుంది. అక్కడ ఎక్కే నందీశ్ కోసం ఆమె పక్క సీట్లో టిఫిన్ సంచి పెట్టి ఉంచేది. బూదికోటలో పట్టుపురుగులు పెంచే సొన్నమ్మకు ఒక్కగానొక్క కొడుకు అతను. మంచివాడే కానీ బుర్ర కాస్త ఆలస్యంగా వెలిగే రకం. రోజూ సీటు దొరకడం తన జాతకబలం అనుకున్నాడు. ఒకరోజు నేత్ర జ్వరమొచ్చి రాలేదు. మాలూరు దాకా ఒంటికాలి మీద నిలబడ్డాక జాతకం సంగతి అర్థమైంది.

సొన్నమ్మ ఒప్పుకోలేదు. పిల్లకు సంగటి కెలకడం రాదన్నారు చుట్టాలు, నేర్పుకుంటానంది. మాటకు ముందు అరవం వస్తుందన్నారు, అదీ సరేనంది. ఒక్కటి మాత్రం ఆమెకు గొంతు దిగలేదు.

"మట్టి చెయ్యని శవం ఉండే ఇల్లు రా అది. ఆడినుంచి పిల్లను తెస్తే ఎనకాలే ఆ ముసిలాయప్పా వస్తాడు. నా ఇంట్లో ఇంగొక మొగోడు నాకొద్దు."

నందీశ్ అన్నం మానేశాడు. బంగారపేట స్టేషన్లో బోండాలు మానలేదనుకోండి, ఆ సంగతి తల్లికి తెలియదు. చివరికి సొన్నమ్మ ఒక మెట్టు దిగింది. ఇంటి అమ్మవారు గంగమ్మను పువ్వు అడుగుతానంది, అదీ ఆ పిల్ల ఇంట్లోనే.

"యాడ అనుమానం ఉండాదో ఆడే అడగాల."

అలా ఒక మధ్యాహ్నం, ఇంట్లో గంగమ్మగా కొలిచే చెంబును ఒళ్లో పెట్టుకుని కొడుకుతో ఆటోలో దిగింది. గని కూలీల లైన్ ఇల్లు, రేకుల కప్పు, గడప మీద గని మట్టి పోసిన సైనైడు దిబ్బ నుంచి ఎగిరొచ్చిన తెల్ల దుమ్ము. చెంబును పీట మీద పెట్టి రెండు వైపులా తడి పూలు అంటించింది. కుడిపువ్వు రాలితే పెళ్లి, ఎడమది రాలితే లేదు. ఏదీ రాలకపోతే అమ్మవారికి ఆ ఇంటివైపు చూడ్డమే ఇష్టం లేదని లెక్క.

ఏదీ రాలలేదు. ఊదుబత్తి కాలిపోయింది. గుమ్మంలో ఎండ గోడెక్కింది. పక్కింటి టీవీ ఎవరో కట్టేశారు, వీధిలో కుక్కలు కూడా నోరెత్తలేదు. నందీశ్ మెల్లగా పెదాలు సున్నా చుట్టాడు.

"ఊదితే పళ్లు రాలతాయి," అంది సొన్నమ్మ తల తిప్పకుండానే.

తల్లి చెంబెత్తుకుని లేస్తే నందీశ్ ఆమె వెంట తలవంచుకుని వెళ్లిపోతాడు. తల్లిని కాదని తాళి కట్టే మనిషి కాదతను, ఆ సంగతి నేత్రకు బాగా తెలుసు. అమ్మవారిని అడగడానికి నోరు రాలేదు. కాళ్ల కింది గచ్చును చూసి, తాతా, ఒక్కసారి, అనుకుంది.

సొన్నమ్మ చెంబు మీద చెయ్యి వేసింది. కింద ఎక్కడో దుమ్మన్నది. రేకులు గలగలలాడాయి. తల్లీకూతుళ్ల చేతులు ఒకేసారి గిన్నెల మీదికి పోయాయి. కుడిపువ్వు జారి సొన్నమ్మ అరచేతిలో పడింది.

"అమ్మోరు పలికింది!" అని నందీశ్ ఎగిరాడు.

నేత్ర నోరు మూసుకుని ఉండొచ్చు. గంగులమ్మ గిల్లింది కూడా. కానీ అబద్ధం మీద కాలు పెట్టి ఆ ఇంటికి పోవడం ఆమెకు మనసొప్పలేదు.

"అత్తా, అది అమ్మోరు కాదు. కింద గని. మా ఇంట్లో తాత పక్కకు తిరిగినాడంటాము."

నందీశ్ తల పట్టుకున్నాడు. సొన్నమ్మ గచ్చుకేసి చూసింది. తర్వాత కాళ్లు మెల్లగా పక్కకు జరుపుకుంది, ఎవరినో తొక్కుతున్నట్టు.

"ఇంటి పెద్ద ఒప్పుకున్నాడంటే ఇంగ నేనేం చెప్పేది? ఆయప్పను మాత్రం ఈడే ఉండమని చెప్పు."

ఆ సాయంత్రం గంగులమ్మ కొళాయి దగ్గర అడిగితే లైన్లో ఇంకే ఇంటికీ ఆ అదురు తెలియలేదు. ఆమె ఆ మాట కూతురికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పెళ్లయి ఏళ్లు గడిచాయి. నేత్ర సంగటి ముద్దలో ఉండలు కట్టడం తగ్గింది, సొన్నమ్మ సాధింపు తగ్గలేదు. మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం నేత్ర పురుగుల ఇంట్లో మల్బరీ ఆకు పరుస్తోంది. పురుగులు ఆకు తింటుంటే సన్నటి జల్లు కురిసినట్టు చప్పుడు. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది. తట్టల్లో పురుగులన్నీ తలలెత్తి కదలకుండా ఉన్నాయి. వంటింట్లో గిన్నెలన్నీ ఒక్కసారి గల్లుమన్నాయి.

బూదికోట కింద గని లేదు. వీధిలో లారీ లేదు, ఆకాశంలో ఉరుమూ లేదు. నేత్రకు మొదట గుర్తొచ్చింది అత్త మాటే. తాత వచ్చేశాడు, ఇప్పుడు నన్నేమంటుందో, అని వంటింటికి పరుగెత్తింది.

సొన్నమ్మ చెయ్యి అప్పటికే గిన్నెల మీద ఉంది.

"ఏం లే పాపా," అంది ఇటు తిరగకుండా. "మీ తాత పక్కకు తిరిగినాడు."

ఇంట్లోవాళ్ల పళ్లేల పక్కన ఇంకొక పళ్లెం దించి, దాంట్లో సంగటి ముద్ద పెట్టింది.