పళ్లెం దాటిపోయిన ఆదివారం

గంజి పెట్టిన నూలు బట్ట మీద ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆగితే ఒక వాసన వస్తుంది. అడుగంటిన అన్నం వాసనకు దగ్గరగా ఉంటుంది. మొన్న ఫిల్మ్ నగర్‌లో నేను నడుపుతున్న కుట్టుశాలలో ఆ వాసన ముక్కుకు తగిలింది. బట్టకేమీ కాలేదు, పెట్టె సమయానికే ఎత్తాను. కానీ రూతక్క గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా తక్కువే, ఆమె కావాలనిపించింది. నలభై దాటిన మనిషిని, పిల్లల తండ్రిని, ఎవరైనా చూస్తారని మొహం గోడ వైపు తిప్పుకుని నిలబడ్డాను.

మీరు ఆమెను చూసి ఉండరు. సినిమాల్లో పెళ్లి సీను వచ్చినప్పుడు వెనక నిలబడే ఆడవాళ్ల జాకెట్లు మాత్రం చూసే ఉంటారు. వాటిలో ఎన్నో ఆమె చేతి మీదుగా వెళ్లినవే. జూబ్లీహిల్స్‌లో ఉండే ఒక డిజైనర్ మేడమ్ దగ్గర రూతక్క కుట్టు విభాగానికి పెద్ద. రోజూ బోరబండ నుంచి టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చేది. సినిమాలు మాత్రం చూసేది కాదు. నేను గోదావరి పక్క నుంచి వచ్చి ఆమె కింద పనిలో చేరిన రోజున, నేను కుట్టిన చొక్కాను ముందు తిరగేసి, లోపలి కుట్లు వేళ్లతో తడిమింది.

"లోపలి వైపు కెమెరాకి కనపడదు కదక్కా" అన్నాను తెలివిగా.

"నాకు కనబడ్తది గద" అంది. ఒకచోట కుట్టు పక్కకు పోతే నేను దాని మీదే మరో వరుస వేసి సరిపెట్టాను. అది ఆమె వేలికి తగిలింది. "మీదికెల్లి ఎన్నిసార్లు కుట్టినా గంతే సామేల్. ఎక్కడ తప్పినవో గక్కడి దాంక విప్పు. మళ్ల కుట్టు."

అప్పుడది చొక్కా సంగతే అనుకున్నాను.

నాకు అబద్ధాలాడే జబ్బుండేది. అవసరానికి ఆడేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. నాకు అవసరం కూడా అక్కర్లేదు. నోట్లో పళ్లపుల్ల ఉండగానే "దారిలో ఉన్నానండీ" అనేవాణ్ణి. కత్తెర పడని బట్టను కాజాలు కుడుతున్నానని చెప్పేవాణ్ణి. పుట్టుకతోనే క్రైస్తవుణ్ణి. మా నాన్న సంఘ పెద్ద. ఆదివారం మోకాళ్ల మీద పడి కన్నీళ్లు కార్చేవాణ్ణి, అవి దొంగ కన్నీళ్లు కూడా కావు. సోమవారం పది గంటలకల్లా మళ్లీ మొదలు. కుక్క తోక వంకర అన్నట్టే ఉండేది నా వ్యవహారం. ఇక ఇది నా స్వభావమేననీ, దేవుడికి కూడా అలవాటైపోయి ఉంటుందనీ అనుకోసాగాను.

ఒకసారి హీరో తెల్లచొక్కా ఒకటి సరిచేయడానికి నా దగ్గరికి వచ్చింది. సగం సీను ఆ చొక్కాతోనే తీశారు, మిగతా సగం రెండు రోజుల తర్వాత అదే చొక్కాతో తీయాలి. చేతి మడత మీద ఇస్త్రీ పెట్టె ఆనించి ఫోనులో మాట్లాడుతున్నాను. ఆ వాసన వచ్చేసరికి చొక్కా చెయ్యి కాలిపోయింది. మేడమ్ వచ్చి ఎవరు చేశారని అడిగితే "నేను చూసేసరికే అలా ఉందండీ. యాదగిరి ఇస్త్రీ చేసి పెట్టాడు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. తుమ్ము వచ్చినట్టు వచ్చింది.

యాదగిరి మా ఇస్త్రీ మనిషి. "నేను గాదు మేడమ్, నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. మేడమ్ రూతక్క వైపు చూసింది.

"సామేల్ మా చర్చి పిల్లగాడు మేడమ్, అబద్ధం చెప్పడు. నాది హామీ" అంది రూతక్క.

మధ్యాహ్నానికల్లా యాదగిరి పని పోయింది. వెళ్లేముందు చెప్పులు తొడుక్కుంటూ నన్నొకసారి చూశాడు. నేను దారం ఎక్కిస్తున్నట్టు సూదిలోకి చూశాను.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె పంచుకునే ఆరాధన. బోరబండ ఏటవాలు సందులో రేకుల కప్పుతో ఉండేది మా చర్చి. చాపల మీద ఒక పక్క ఆడవాళ్లు, మరో పక్క మగవాళ్లు కూర్చుంటారు. రొట్టె పళ్లెం చేతి నుంచి చేతికి వస్తుంది. ఎవరితోనైనా తేల్చుకోని తప్పున్నవాళ్లు తీసుకోకుండా పక్కవాళ్లకు అందిస్తారు. అలా అందించడం పదిమందిలో తప్పు ఒప్పుకున్నట్టే కాబట్టి ఆ ధైర్యం చేసేవాళ్లు తక్కువ. నేను ఎప్పటిలాగే ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను. తలెత్తి చూస్తే రూతక్క పళ్లెం అందుకుని, ఏమీ తీసుకోకుండా పక్కావిడ చేతిలో పెట్టింది. ఆడవాళ్లంతా ఆమెనే చూశారు. గుమ్మడికాయల దొంగ నేను కాబట్టి, నా చెయ్యి భుజం మీదికి పోయింది.

బయట వేపచెట్టు కింద పట్టుకున్నాను. "ఏమైందక్కా?"

సంచిలోంచి కాలిన చొక్కా చెయ్యి తీసింది. "మొన్న చింపులు సర్దుతుంటే దొరికింది. గీ మచ్చ సూడు. యాదగిరి పెట్టెకు కింద పొక్కలుంటయి, ఆవిరి రానీకి. గీ మచ్చల పొక్కల్లేవు. ఇది మన బల్ల మీది పాత పెట్టె. దాన్ని పట్టేది నువ్వొక్కనివే."

నేను ఆ మచ్చను అరచేత్తో మూశాను.

"నాతోని అబద్ధపు సాక్ష్యం చెప్పించినవ్. ఒక మనిషి అన్నం పోయింది. నేనెట్ల తీసుకోవాలె రొట్టె?"

"దేవుణ్ణి క్షమాపణ అడిగానక్కా. ఏడ్చాను కూడా."

"ఎన్నిసార్లు ఏడ్చినవ్?"

"ప్రతి ఆదివారం."

"ఆయన క్షమిస్తడు, అండ్ల ఫికర్ లేదు. నువ్వే విప్పుతలేవు బిడ్డా. మీదికెల్లి కుడుతున్నవ్."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆమె మాత్రం ముందు నడిచింది, నేను వెనకే వెళ్లాను. యాదగిరి ఇల్లు రెండు సందుల అవతలే. గడపలో నిలబడి చెప్పాను. నాకు గుర్తున్నంతలో నా నోటి నుంచి కావాలని వచ్చిన మొదటి నిజం అదే. యాదగిరి నన్ను తిట్టలేదు. రూతక్క వైపు తిరిగి, "వీడు జెప్పినందుకు బాధ లేదక్కా. నువ్వు నమ్మినవ్ జూడు, గది కొట్టింది నన్ను" అన్నాడు.

"తప్పయింది తమ్మీ" అని రూతక్క చేతులు జోడించింది. అబద్ధం నాది, జోడించిన చేతులు ఆమెవి.

మర్నాడు మేడమ్‌కూ చెప్పాను. చీవాట్లు పడ్డాయి. యాదగిరిని రమ్మని కబురు పెట్టారు. అతను అప్పటికే ఎర్రగడ్డలో ఒక లాండ్రీలో కుదిరాడు, రాలేదు. విప్పినా సూది రంధ్రాలు కొన్ని బట్టలో మిగిలిపోతాయి.

ఒక్క రోజుతో మారిపోయానని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. తొమ్మిదో రోజున మళ్లీ ఆడాను. తల పట్టుకుని కూర్చుంటే రూతక్క ఒక పద్ధతి చెప్పింది. అబద్ధం నోరు జారితే అన్నం ముట్టకముందే ఆ మనిషి దగ్గరికి తిరిగి వెళ్లి, ఇందాక చెప్పింది అబద్ధమని చెప్పాలి. ఎన్ని మధ్యాహ్నాలు నా అన్నం చల్లారిపోయిందో!

"నాకిది చేతకాదక్కా" అన్నాను ఒకరోజు.

"నాకు మాత్రం చేతనైతదా? మా చెల్లెతోని పదకొండేండ్లు మాట్లాడలే నేను. నెలనెలా రొట్టె తిన్న, నెలనెలా ఇగ కోపం ఇడుస్త అనుకున్న. నాతోని గాలే. ఆఖరికి, ప్రభువా, నేను ఇడువలేను, నువ్వే ఇడిపియ్యి అని ఏడ్చిన. గా పొద్దు లేచి దాని ఇంటికి పోయిన. కాళ్లు నావే గని, నడిపించింది నేను గాదు."

అప్పట్నుంచి నేనూ రోజూ మిషను చక్రం మీద చెయ్యి పెట్టి, ఈ ఒక్కరోజు నా నోరు కాపాడమని అడగడం మొదలుపెట్టాను. అలా రోజులు నెలలయ్యాయి. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగడం నాకే కొత్తగా ఉండేది. ఆపింది నేను కాదని మాత్రం తెలిసేది.

ఏళ్లు గడిచాయి. నేను సొంతంగా కుట్టుశాల పెట్టుకున్నాను. రూతక్క మంచం పట్టింది. ఒక సాయంత్రం చూడటానికి వస్తానన్నాను. పని తెమలలేదు. ఆమే ఫోను చేసింది.

"ఏడున్నవ్ బిడ్డా?"

"దారిలో ఉన్నానక్కా."

ఫోను పెట్టాక గాని తెలియలేదు ఏమన్నానో. ఇన్నేళ్ల తర్వాత, అదీ ఆమెకు! వెంటనే తిరిగి చేశాను. "అబద్ధమక్కా. ఇంకా బయల్దేరలేదు."

దగ్గు వచ్చేదాకా నవ్వింది. "తెల్సు. మిషన్ల సప్పుడు ఇనబడ్డది. మళ్ల జేస్తవని ఫోన్ చేతులనే పట్టుకొని సూస్తున్న. మెల్లగ రా."

నేను వెళ్లేసరికి నిద్రపోతోంది. లేపలేదు, చాలాసేపు పక్కన కూర్చుని వచ్చేశాను. రెండో రోజున పోయింది. నాతో ఆమె మాట్లాడిన చివరి మాటలు అవే.

ఇప్పటికీ మొదటి ఆదివారం పళ్లెం నా చేతికి వచ్చినప్పుడు అవతలి చాపల వైపు చూస్తాను. మొన్న ఆ వాసనలో నిలబడి ఉండగానే ఫోను మోగింది. షూటింగు నుంచి అసిస్టెంట్ డైరెక్టర్. "ఎక్కడున్నారు సామేలుగారూ?" పాత మాట నాలుక మీదికి వచ్చింది. "ఇంకా బయల్దేరలేదండీ" అన్నాను. అతను నాలుగు మాటలని పెట్టేశాడు. నేను మాత్రం రూతక్క నవ్వు వినపడుతుందేమోనని ఫోను కాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాను.